అడుసు తొక్కనేల?: శిశువుల మట్టి ఆట - సాహిత్య దృష్టి, విద్యా దృష్టి

వ్యాస సంగ్రహం:

మూడు నుంచి ఆరేళ్ళ వయసు పిల్లలు మట్టి, ఇసుక, నీరు, పిండి, రంగు వంటి పదార్థాలను చేతులతో పిసుకుతూ, పూసుకుంటూ, పారబోస్తూ ఆడుకుంటారు. నేటి పూర్వప్రాథమిక విద్య ఈ ఆటను ఇంద్రియ క్రీడగానూ, కళాభ్యాసానికి తొలిమెట్టుగానూ గుర్తిస్తోంది. ఇది తెలుగు పాఠకులకు కొత్త విషయం కాదు. మన్ను తిన్న కృష్ణుడు, మట్టిబండితో ఆడిన రోహసేనుడు, పిచ్చుకగూళ్ళు కట్టిన పిల్లలు మన సాహిత్య స్మృతిలో ఉన్నారు. అయితే ఆ రచనలలో మట్టికి దక్కిన గౌరవం మట్టిగా దక్కిందా, లేక అది విభూతిగానో, విశ్వంగానో, బంగారంగానో మారిన తరువాత దక్కిందా అన్నది విచారించవలసిన ప్రశ్న. ఎంపిక చేసిన కొన్ని సాహిత్య ఘట్టాలను ఈ దృష్టితో పరిశీలించి, వాటిలో కనిపించే పెద్దల చూపు నేటి శిశు తరగతిలోనూ కొనసాగుతున్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: శైశవ క్రీడ, ఇంద్రియానుభవం, మట్టి, పోతన, మృచ్ఛకటికం, పిచ్చుకగూళ్ళు, పూర్వప్రాథమిక విద్య.

1. ఉపోద్ఘాతం

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్న సామెత తెలుగువారి నిత్యవ్యవహారంలో ఉంది. అనవసరమైన పనికి పూనుకొని, ఆపైన దాని ఫలితాన్ని తుడుచుకోవడానికి శ్రమపడడం ఎందుకని దాని భావం. పెద్దల లోకంలో ఈ నీతి చెల్లుతుంది. నాలుగేళ్ళ పిల్లవాడి లోకంలో చెల్లదు. వాడికి అడుసు తొక్కడం ఒక ఆట, కాలు కడుక్కోవడం మరొక ఆట. కాలి వేళ్ళ సందుల్లోంచి బురద పైకి ఉబికి రావడం, నీళ్ళు పోసినప్పుడు అది చారలుగా జారిపోవడం - ఈ రెండింటినీ వాడు ఒకే శ్రద్ధతో గమనిస్తాడు. పెద్దలకు వృథాగా తోచిన రెండు పనులు శిశువుకు రెండు అనుభవాలు.

మురికి అనేది పదార్థంలో స్వతఃసిద్ధంగా ఉండే గుణం కాదనీ, ఒక సమాజం ఏర్పరచుకున్న క్రమంలో ఉండరాని చోట ఉన్న వస్తువునే మురికిగా భావిస్తారనీ మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 'ప్యూరిటీ అండ్ డేంజర్' (1966) గ్రంథంలో వాదించారు. పొలంలో ఉన్నప్పుడు మన్ను, చాప మీదికి వస్తే మురికి. శిశువుకు ఈ సరిహద్దులు ఇంకా తెలియవు. కాబట్టి శిశువు మట్టి ఆటను వర్ణించే ప్రతి రచనా ఆ సరిహద్దుల పట్ల పెద్దల వైఖరిని కూడా తెలియకుండానే నమోదు చేస్తుంది. ఈ వ్యాసంలోని పరిశీలనకు ఇదే ఆధారం.

2. పోతన భాగవతం: మన్ను తిన్న శిశువు

శైశవాన్నీ మట్టినీ కలిపి చెప్పిన ఘట్టాలలో తెలుగువారికి అత్యంత పరిచితమైనవి పోతన దశమస్కంధంలో ఉన్నాయి. వాటిలో రెండింటిని ఇక్కడ పరిశీలించవచ్చు.

మొదటిది బాలకృష్ణుణ్ణి శివుడితో పోల్చిన సీస పద్యం. ఒంటికి అంటిన దుమ్ము విభూతిపూతలాగా, తలమీది ముత్యాల నగ చంద్రవంకలాగా, నుదుటి బొట్టు మూడో కన్నులాగా, హారంలోని నీలమణి కంఠంలోని నలుపులాగా, మెడలోని హారాలు సర్పహారాలలాగా కనిపించాయని కవి వర్ణన. హరిహరాభేదాన్ని చెప్పిన పద్యంగా దీనిని విమర్శకులు ప్రశంసించారు. అయితే ఈ పోలికల పట్టికలో ఒక భేదం ఉంది. ముత్యాలు, బొట్టు, నీలమణి, హారాలు - ఇవన్నీ తల్లి అలంకరించినవి. శిశువు తనంతట తాను ఆడి సంపాదించుకున్నది దుమ్ము ఒక్కటే. కవి దానిని మొదటి పోలికగా నిలపడం విశేషం. కాని నిలిపిన మరుక్షణమే అది విభూతి అయిపోయింది. దుమ్ము దుమ్ముగా ఉన్నంతసేపు తల్లి తుడిచివేయవలసినదే. విభూతి అయ్యాక చేతులు జోడించవలసినది.

రెండవది మన్ను తిన్న ఘట్టం. బలరాముడూ తోటి బాలురూ యశోదకు ఫిర్యాదు చేస్తారు. కృష్ణుడు కాదంటాడు. తల్లి నోరు తెరవమంటుంది. అందులో ఆమెకు విశ్వమంతా కనిపిస్తుంది. ఈ ఘట్టానికి సంస్కృత మూలంలోని (దశమస్కంధం, 8వ అధ్యాయం) కృష్ణుడి సమాధానానికీ పోతన కృష్ణుడి సమాధానానికీ గల తేడాను గమనించాలి. మూలంలో శిశువు వారి మాట నిజమనుకుంటే ఎదురుగా నా నోరు చూడమంటాడు. పోతన శిశువు నా నోటి వాసన చూడమంటాడు. తప్పని తేలితే దండించమంటాడు. మూలంలో సాక్ష్యం కంటికి సంబంధించినది, తెలుగులో ముక్కుకు సంబంధించినది. బిడ్డ ఏమి తిన్నాడో తెలుసుకోవడానికి తల్లి మూతి దగ్గర ముక్కు పెట్టి చూడడం ఇళ్ళలో జరిగే పని. ఆ గృహానుభవాన్ని పోతన పురాణకథలోకి తెచ్చాడు. తడిసిన మన్నుకు ఒక వాసన ఉంటుందనీ, అది నోటిలో నిలుస్తుందనీ ఈ ఘట్టంలో ఒప్పుకొన్నది ఈ ఒక్క మాటే. ఇంద్రియానుభవానికి పోతన అత్యంత సమీపంగా వచ్చిన స్థానం ఇదే.

అదే పద్యంలో మరొక అంశం ఉంది. మన్ను తినడానికి నేను శిశువునా, ఆకలిగొన్నానా, వెర్రివాడినా అని కృష్ణుడు అడుగుతాడు. శిశువే తాను శిశువును కానని వాదించడంలోని హాస్యాన్ని పాఠకులందరూ ఆస్వాదిస్తారు. ఆ హాస్యం వెనుక, మట్టి నోటిలో పెట్టుకోవడానికి సమాజం అంగీకరించే కారణాలు మూడే ఉన్నాయి: అజ్ఞానం, ఆకలి, మతిభ్రమణం. నాలుగో కారణం ఉండవచ్చునన్న ఆలోచన తల్లికిగానీ, ఫిర్యాదు చేసిన బాలురకుగానీ, సమాధానం చెప్పిన బిడ్డకుగానీ లేదు. అది ఎలా ఉంటుందో తెలుసుకోవాలనే కోరికే ఆ నాలుగో కారణం. పసిపిల్లలు వస్తువును ఎరుగుకొనే తొలి సాధనాలలో నోరు ఒకటని నేటి శిశు మనోవిజ్ఞానం చెబుతుంది. ఆ చోటును ఈ ఘట్టంలో విశ్వదర్శనం ఆక్రమించింది. భక్తికావ్యంగా భాగవతానికి అది ధర్మమే. శిశువర్ణనగా చదివినప్పుడు మాత్రం, నోటిలో ఉన్న మన్ను సంగతి పాఠకుడు మరచిపోతాడు.

3. సంస్కృత నాటకాలు: మట్టి నెమలి, మట్టి బండి

తెలుగు పాఠకులకు అనువాదాల ద్వారా, పాఠ్యాంశాల ద్వారా సుపరిచితమైన రెండు సంస్కృత నాటకాలలో మట్టి బొమ్మ కథాగమనాన్నే నిర్ణయించింది.

అభిజ్ఞానశాకుంతలం సప్తమాంకంలో దుష్యంతుడు సర్వదమనుణ్ణి చూసి, బిడ్డల ఒంటి దుమ్ముతో తమ ఒడి మాసిపోయే తండ్రులు ధన్యులని భావిస్తాడు. భారతీయ సాహిత్యంలో మురికికి దక్కిన గొప్ప గౌరవాలలో ఇదొకటి. అయితే ఆ గౌరవం సంతానం లేదని కుమిలిపోతున్న వ్యక్తి నోటినుంచి వచ్చింది. దుమ్ము విలువ లేమి వల్ల తెలిసింది. తరువాత సింహపు పిల్లను విడిపించడానికి తాపసి రంగులు వేసిన మట్టి నెమలిని తెచ్చి ఆశ చూపుతుంది. పక్షి సౌందర్యాన్ని చూడమని ఆమె అన్న మాటలో శకుంతల పేరు ధ్వనించి, అది అభిజ్ఞానానికి దారితీస్తుంది. ఇక్కడ మట్టి తయారైన వస్తువు. దానికి రంగు పూసిన చేతులు వేరెవరివో. బాలుడికి అందినది ముగిసిన కళ మాత్రమే. నాటకానికి కావలసినదీ అందులో పొదిగిన పేరే.

మృచ్ఛకటికం ఆరవ అంకంలో చిత్రణ మరింత కఠినమైనది. పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకున్న రోహసేనుడు, దానికి బదులుగా ఇచ్చిన మట్టిబండిని చూసి ఏడుస్తాడు. వసంతసేన తన నగలతో ఆ బండిని నింపుతుంది. నాటకానికి పేరు ఈ ఘట్టం నుంచే వచ్చింది. శూద్రకుడు ఇక్కడ మట్టిని పేదరికానికి గుర్తుగా నిలిపాడు. బిడ్డ బాధకు కారణం మట్టి బాగాలేకపోవడం కాదు, పొరుగువాడికి బంగారం ఉండడం. కథ అంతటితో ఆగలేదు. ఆ నగలే తొమ్మిదవ అంకంలో మైత్రేయుడి వద్ద నుంచి న్యాయసభలో జారిపడి, చారుదత్తుడి మీద మోపిన హత్యానేరానికి సాక్ష్యమవుతాయి. మట్టిని బంగారంతో కప్పిన దయ తండ్రిని వధ్యస్థానం దాకా తీసుకువెళ్ళింది.

ఈ ఘట్టంలో విమర్శకులు అంతగా పట్టించుకోని పాత్ర రదనిక. ఆ మట్టిబండిని తానే చేసి ఇచ్చానని ఆమె చెబుతుంది. మట్టి కలిపి, ముద్ద చేసి, చక్రాలు అమర్చినవి దాసి చేతులు. రోహసేనుడి చేతికి మట్టి అంటలేదు. ఆ బండి చేయడంలో వాడిని కూర్చోబెట్టుకొని ఉంటే వాడు ఏడ్చేవాడా అన్నది నాటకం అడగని ప్రశ్న. పూర్వప్రాథమిక విద్య అడగవలసిన ప్రశ్న అదే.

4. దేశీయ క్రీడలు: పిచ్చుకగూళ్ళు, గుజ్జనగూళ్ళు

అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి వంటి కావ్యాలు పిల్లల ఆటల పేర్లను వరుసగా పేర్కొని సాంఘిక చరిత్రకారులకు మేలు చేశాయి. కాని పేరు చెప్పడం వేరు, ఆట అనుభవాన్ని చెప్పడం వేరు. ఆ అనుభవం కావ్యంలో కంటే ఆటలోనే భద్రంగా ఉంది.

పిచ్చుకగూడు కట్టే విధానాన్ని చూడవచ్చు. తడి ఇసుకలో పాదం ఉంచి, దానిమీద ఇసుక పోగుచేసి, అరచేతితో తట్టి గట్టిపరచి, మెల్లగా పాదాన్ని వెనక్కి లాగాలి. ఇసుక మరీ పొడిగా ఉంటే గూడు నిలవదు, మరీ తడిగా ఉంటే కుంగిపోతుంది. ఎంత తడి కావాలో ఎవరూ కొలత చెప్పరు, పాదం చెబుతుంది. అచ్చు వేరే లేదు, శరీరమే అచ్చు. పాదం లాగే క్షణంలో గూడు కూలవచ్చు. కూలినా ఎవరూ తిట్టరు. ఇసుక ఖర్చుకాదు, మళ్ళీ కట్టవచ్చు. పదార్థ స్వభావం, ఒత్తిడి, సమతూకం, ఓర్పు - ఇన్ని పాఠాలు ఒక ఆటలో ఉన్నాయి. ఆట ముగిశాక ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం ఏమీ మిగలదు.

గుజ్జనగూళ్ళను ఆడపిల్లలు ఆటగా వండుకొనే అన్నంగా నిఘంటువులు అర్థం చెబుతున్నాయి. ఇసుక బియ్యం కావడం, బురద పప్పు కావడం, ఆకు విస్తరి కావడం ఇందులోని కల్పన. పోతన పద్యంలో దుమ్ము విభూతి కావడానికీ, ఇక్కడ ఇసుక అన్నం కావడానికీ భేదం ఉంది. మొదటి రూపాంతరం చూసేవారిది, రెండవది ఆడేవారిది. శిశువు తన చేతిలోని ఇసుకను అన్నమని పిలుస్తూనే అది ఇసుక అని ఎరుగును. కనుకనే దానిని వడ్డిస్తుంది, తినదు. పదార్థాన్ని కాదనకుండానే కల్పన చేయగలగడం కళకు మూలమైన శక్తి. తెలంగాణలో పుట్టమన్నుతో బొడ్డెమ్మను తీర్చే ఆడపిల్లల వద్దా, సంక్రాంతికి ఆవుపేడతో గొబ్బెమ్మలు చేసే ఇళ్ళలోనూ ఈ శక్తి పండుగ రూపంలో కనిపిస్తుంది. అక్క చేసే ముద్ద పక్కన చెల్లెలికి ఒక చిన్న ముద్ద దొరకడం ఆ సంప్రదాయంలో సహజంగా జరిగే శిక్షణ.

ఈ ఆటలకు భాషా ప్రయోజనం కూడా ఉంది. అడుసు, బురద, ఒండ్రు, రొచ్చు, రేగడి, బంక, జిగట, చిత్తడి - ఈ మాటల మధ్య భేదం నిఘంటువు చూసినంత మాత్రాన పూర్తిగా తెలియదు, చేయి పెడితే తెలుస్తుంది. ఆ స్పర్శ తప్పిపోయిన తరానికి ఇవన్నీ ఒకే మాటగా కుదించుకుపోతాయి. తెలుగు బోధకులకు ఇది ఉపేక్షించదగిన నష్టం కాదు.

5. ఆధునిక దృష్టి

పెద్దల సౌకర్యం కోసం పిల్లల స్వేచ్ఛను అణచివేయడాన్ని తెలుగులో సూటిగా ప్రశ్నించిన రచనగా చలం 'బిడ్డల శిక్షణ'ను చెప్పుకోవాలి. అప్పటిదాకా శిశువు తుంటరితనం భక్తికో హాస్యానికో విషయం. చలం దానిని పెంపకపు సమస్యగా, అంటే పెద్దల సమస్యగా మార్చాడు.

తెలుగులో 'రైలుబడి'గా పేరొందిన తెత్సుకో కురోయనాగి 'తొత్తోచాన్' (1981) ఈ దృష్టిని బడిలో చూపుతుంది. అందులోని పిల్లలు ప్రాథమిక తరగతులవారు, శిశు తరగతికి కొంచెం పెద్దవారు. అయినా మురికి పట్ల ఉపాధ్యాయుడి వైఖరికి ఆ గ్రంథం మంచి నిదర్శనం. పిల్లలకు పాతబట్టలు వేసి పంపమని ప్రధానోపాధ్యాయుడు కొబయాషి తల్లిదండ్రులను కోరుతాడు. మరుగుదొడ్డి గుంటలో పడిన పర్సు కోసం పాప లోపలి మలినాన్ని తోడి బయట పోస్తుంటే అతడు మందలించడు. పని అయ్యాక అంతా తిరిగి లోపల వేస్తావుగదా అని మాత్రం అడిగి వెళ్ళిపోతాడు. సభామందిరం నేలమీద పిల్లలు సుద్దతో సంగీత స్వరాలు రాస్తారు, ఆపైన తామే తుడుస్తారు. అడుసు తొక్కనివ్వడం, కాలు కడుక్కోనివ్వడం - రెండూ ఇక్కడ విద్యలో భాగమయ్యాయి. రెండవది లేకుండా మొదటిది అనుమతించడం స్వేచ్ఛ కాదనీ, మొదటిది లేకుండా రెండవది నేర్పడం కేవలం క్రమశిక్షణ అనీ ఈ ఘట్టాలు తెలుపుతాయి.

కళాసిద్ధాంతంలోనూ ఇదే దిశ కనిపిస్తుంది. కళను వస్తువులో కాక అనుభవంలో వెదకాలని జాన్ డ్యూయీ 'ఆర్ట్ యాజ్ ఎక్స్‌పీరియన్స్' (1934)లో ప్రతిపాదించాడు. రోమ్‌లో పాఠశాల నడిపిన అమెరికన్ ఉపాధ్యాయిని రూత్ ఫైసన్ షా వేళ్ళతో రంగు పూసే పద్ధతిని రూపొందించి, అదే సంవత్సరం దానిపై గ్రంథం ప్రచురించింది. కుంచె తీసివేసి రంగుకూ చర్మానికీ మధ్య అడ్డు లేకుండా చేయడమే ఆ పద్ధతిలోని మార్పు. పిచ్చుకగూడులో పాదం చేసిన పనిని ఇక్కడ వేళ్ళు చేస్తాయి.

6. నేటి శిశు తరగతి: పత్రాలు, ఆచరణ

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా నిర్ణయించింది. 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆటను బోధనకు కేంద్రంగా నిలిపి, సౌందర్య, సాంస్కృతిక వికాసాన్ని ప్రత్యేక రంగంగా గుర్తించింది. 2023 ఫిబ్రవరిలో 'జాదూయీ పిటారా' పేరుతో ఆటబొమ్మలు, ఆట సామగ్రి వచ్చాయి. పత్రాల స్థాయిలో కొరత లేదు. ఆచరణలో మాత్రం పాత చూపు మూడు రూపాలలో కొనసాగుతోంది.

మొదటిది ఫలవస్తువు మీది మోజు. శిశు తరగతి గోడలమీద తరచుగా కనిపించే చేతిముద్ర నెమలి దీనికి ఉదాహరణ. ఉపాధ్యాయిని పిల్లవాడి అరచేతికి రంగు పూసి, కాగితంమీద అద్ది, వెంటనే చేయి కడిగించి, ఆపైన కన్నూ ముక్కూ తానే దిద్దుతుంది. పిల్లవాడికి రంగుతో గడిచినది కొద్ది క్షణాలు. తల్లిదండ్రులకు చూపడానికి నెమలి సిద్ధం. సర్వదమనుడి చేతికి వచ్చిన నెమలి వంటిదే ఇదీ. కళ ఉంది, కాని అది ఆ బిడ్డ చేసినది కాదు.

రెండవది శ్రమ విభజన. ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉన్న అంగన్‌వాడీలో ఇరవైమంది పిల్లలు మట్టితో ఆడితే చేతులు కడిగేది, బట్టలు మార్చేది, చాప ఉతికేది ఆ సహాయకురాలే. ఆమె మట్టి ఆట వద్దంటే అది అజ్ఞానం కాదు, అనుభవం. రదనికను పట్టించుకోని విమర్శ ఎలా అసంపూర్ణమో, సహాయకురాలి పనిగంటలను లెక్కించని ఇంద్రియ క్రీడా ప్రణాళిక కూడా అలాగే అసంపూర్ణం. కొబయాషి పద్ధతిలో శుభ్రపరచడాన్ని పిల్లల ఆటలో భాగం చేయడం దీనికి కొంత పరిష్కారం. తగినంత నీరు, అదనపు మనిషి మిగిలిన పరిష్కారం.

మూడవది సామాజిక భేదం. కుమ్మరి ఇంట్లో, రైతుకూలీ ఇంట్లో మట్టి అంటిన బిడ్డను మురికిబిడ్డగా చూసిన సమాజమే, రుసుము చెల్లించి చేరిన తరగతిలో మట్టి అంటిన బిడ్డకు ఫొటో తీస్తుంది. కంచ ఐలయ్య పిల్లల కోసం ఆంగ్లంలో రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' (2007) కుండ చేయడాన్నీ దుక్కి దున్నడాన్నీ జ్ఞానంగా పరిచయం చేసింది. మట్టి ఆటను పాఠ్యాంశంగా తెచ్చేటప్పుడు మట్టితో బ్రతికే వృత్తుల గౌరవాన్ని కూడా తేకపోతే, అది రోహసేనుడి బండిమీద బంగారం కుప్పపోయడమే అవుతుంది.

ఇక్కడ రెండు అభ్యంతరాలను న్యాయంగా పరిగణించాలి. మొదటిది ఆరోగ్యం. మలంతో కలుషితమైన నేలద్వారా నులిపురుగులు సోకుతాయి. దేశంలో 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పాటిస్తున్నది ఈ కారణంచేతనే. యశోద ఆందోళన నిరాధారం కాదు. జల్లించి ఎండబెట్టిన మట్టి, కప్పి ఉంచిన ఇసుక, ఆట ముగియగానే సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. రెండవది ఆహారం. నోటిలో పెట్టుకున్నా హాని లేదని గోధుమపిండి, రాగిపిండి, గంజి, పసుపు, బీట్‌రూట్ రసం వాడమని తరచుగా సూచిస్తారు. చిన్నపిల్లల విషయంలో ఆ సూచన సబబే. అయితే కేంద్రంలో పెట్టే భోజనమే ఆ రోజుకు ప్రధానాహారమైన పిల్లల ముందు పిండిని ఆటవస్తువు చేయడం ఇబ్బందికరం. అటువంటి చోట ఇసుక, బంకమన్ను, జేగురు, ఆకుపసర్లు మేలు. గుజ్జనగూళ్ళు ఆడిన పిల్లలు బియ్యాన్ని కాక ఇసుకను ఎంచుకోవడంలో ఈ వివేకం ఉంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• మన సాహిత్యం శిశువు మట్టి ఆటను నిర్లక్ష్యం చేయలేదు. కాని ఇక్కడ పరిశీలించిన కావ్య, నాటక ఘట్టాలలో మట్టి విభూతిగా, విశ్వంగా, అభిజ్ఞానంగా, బంగారంగా మారినప్పుడే ప్రధానమైంది. ఈ రూపాంతరాలు చూసేవారివి, ఆడేవారివి కావు.

• పోతన మూలాన్ని మార్చి నోటి వాసనను సాక్ష్యంగా నిలపడం శిశువు ఇంద్రియ జీవితానికి దక్కిన అరుదైన గుర్తింపు. భక్తి కోణానికి తోడు ఈ కోణం నుంచి కూడా ఆ ఘట్టాన్ని బోధించవలసి ఉంది.

• పిచ్చుకగూళ్ళు, గుజ్జనగూళ్ళు పదార్థాన్ని కాదనకుండా కల్పన చేసే దేశీయ కళాభ్యాసాలు. ఇంద్రియ క్రీడను పాశ్చాత్య భావనగా మాత్రమే పరిచయం చేయడం సరికాదు.

• చేతిముద్ర నెమలి వంటి అభ్యాసాలు ఆట పేరుతో ఫలవస్తువునే కోరుతున్నాయి. గోడకు ఏమి మిగిలిందన్న దానికంటే చేయి ఎంతసేపు పదార్థంలో ఉన్నదన్నది కొలమానం కావాలి.

• శుభ్రపరిచే వారి శ్రమ, మట్టితో బ్రతికే వారి గౌరవం లెక్కలోకి రానంతవరకు మట్టి ఆట కొందరు పిల్లల వినోదంగానే మిగిలిపోతుంది.

అడుసు తొక్కనేల అన్న ప్రశ్నకు శిశు తరగతి ఇవ్వవలసిన సమాధానం సులువైనదే. అడుసు ఎలా ఉంటుందో తెలియడానికి. కాలు కడగనేల అన్నదానికీ అంతే సులువైన సమాధానం ఉంది. రేపు మళ్ళీ తొక్కడానికి.